బుల్లెట్టు కంటివెలుగు

మన సంఘంలో బుల్లెట్టు మోటారు సైకిలు ఎక్కనివాళ్ళు అరుదు. స్వయంగా నడపకపోయినా మావయ్య వెనకో, బాబాయి ముందు పెట్రోలు ట్యాంకు మీదో కూర్చుని ఊరంతా తిరిగిన జ్ఞాపకం అందరికీ ఉంటుంది. ఆ బండి చప్పుడు గురించి, దాని దర్జా గురించి మనవాళ్ళు కబుర్లు మొదలుపెడితే తెల్లవార్లూ చెబుతారు. దాని దీపం గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం కనపడరు. ఇది దీపావళి సంచిక కాబట్టి ఆ దీపం సంగతి చెప్పుకోవడం సందర్భానికి తగినదే అనుకుంటాను. ఈ మధ్య మా నాన్నగారి పాత బుల్లెట్టుకు ఎల్.ఇ.డి. దీపం పెట్టే పనిలో పడ్డాను. ఒక్క బల్బు మార్చడానికి ఇంత తర్జనభర్జన ఎందుకు పడాల్సివస్తోందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే నూటపాతికేళ్ళ కథ బయటపడింది. వృత్తిరీత్యా నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని కనుక లెక్కలు కొంచెం ఎక్కువగా దొర్లితే పాఠకులు క్షమించాలి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మొదటి మోటారు సైకిలు 1901లో వచ్చింది. ఊరు ఇంగ్లండులోని రెడ్డిచ్, అంతకుముందు కుట్టుసూదుల తయారీకి పేరుపడ్డది. అప్పటి మోటారు సైకిలు అంటే సైకిలుకు ఇంజను తగిలించినదే గనుక దీపం కూడా సైకిలు దీపమే. అక్కడికి దగ్గర్లోనే ఉన్న బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ అనే ఆయన 1879 నుంచి 'కింగ్ ఆఫ్ ది రోడ్' అనే పేరుతో సైకిళ్ళకు నూనె దీపాలు అమ్ముతున్నాడు. పేరు గొప్పే గాని, ఆ దీపం దారి చూపించడానికి పనికొచ్చేది కాదు. "ఇదిగో, నేను వస్తున్నాను" అని ఎదుటివాడికి చెప్పడానికి మాత్రం సరిపోయేది. మన ఎడ్లబండి కింద వేలాడే లాంతరు చేసే పని కూడా అదే కదా!

దారి చూపించిన మొదటి దీపం కార్బైడు దీపం. 1892లో థామస్ విల్సన్ అనే ఆయన నార్త్ కరొలైనాలోని స్ప్రే అనే చిన్న ఊళ్ళో అల్యూమినియం చవకగా తీద్దామని విద్యుత్ కొలిమిలో సున్నం, తారు కలిపి కాలిస్తే అల్యూమినియం రాలేదు గాని, నల్లటి గడ్డలు వచ్చాయి. వాటి మీద నీళ్ళు పోస్తే బుసబుసా గ్యాసు పొంగింది. ఆ గడ్డలే కాల్షియం కార్బైడు, ఆ గ్యాసు ఎసిటిలీను. మన ఇళ్ళల్లో కార్బైడు అంటే మామిడికాయలు మగ్గబెట్టే దొంగ వ్యాపారుల మందుగానే తెలుసు. కాయను పండిస్తున్నట్టు కనబడేలా చేసేది కూడా ఈ ఎసిటిలీనే. అందుకే మన దేశంలో ఆ వాడకాన్ని నిషేధించారు. మోటారు సైకిలు దీపంలో అయితే పైన నీళ్ళ అర, కింద కార్బైడు అర, మధ్యలో బొట్టుబొట్టుగా నీళ్ళు వదిలే చిన్న మర ఉండేవి. మర తిప్పి, కాసేపు ఆగి, అగ్గిపుల్ల గీసి వెలిగించాలి. వెల్లుల్లి వాసనతో తెల్లటి మంట వచ్చేది. దాని వెనక వెండిపూత అద్దం. చలికాలంలో నీళ్ళు గడ్డ కట్టేవి, గుంతలో పడితే మంట ఆరిపోయేది, ఇల్లు చేరాక అడుగున మిగిలిన సున్నం కడుక్కోవాలి. అయినా సరే, ఆ వెలుగు నూనె దీపం ముందు సూర్యుడే.

ఇక్కడ మన అమెరికా కథ కొంచెం చెప్పాలి. ఈ మర తిప్పే బాధ లేకుండా ఎసిటిలీనును సిలిండర్లలో నింపి అమ్మే వ్యాపారం 1904లో ఇండియానాపొలిస్‌లో మొదలైంది. దాని పేరు ప్రెస్ట్-ఓ-లైట్. మోటారు సైకిళ్ళూ కార్లూ ఆ సిలిండరు తగిలించుకుని తిరిగేవి, ఖాళీ అయితే కొట్లో ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే. మన గ్యాసు బండ పద్ధతే! ఆ వ్యాపారంలో గడించిన కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ మరో ఇద్దరితో కలిసి 1909లో కట్టిందే ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వే. అంటే ఏటా మే నెలలో మన పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే ఆ పందెం కార్ల మైదానం పునాదుల్లో హెడ్‌లైటు డబ్బు ఉందన్నమాట.

కరెంటు దీపం బండి మీదికి రావడం అంత తేలిగ్గా జరగలేదు. మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డులో 'ఇండియన్' మోటారు సైకిళ్ళు చేసే కంపెనీ 1914లో హెండీ స్పెషల్ అనే బండి తెచ్చింది. కరెంటు దీపాలే కాదు, బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు కూడా ఉంది. కాని అప్పటి బ్యాటరీలు ఆ బరువు మోయలేకపోయాయి. ఏడాది తిరక్కుండా బండి మూలపడింది. మరుసటి ఏడు, 1915లో, హార్లీ డేవిడ్‌సన్ కరెంటు దీపాలు పెట్టి నెగ్గుకొచ్చింది. ఇంగ్లండులో 1920లలో లూకాస్ వాళ్ళు 'మాగ్‌డైనో' అని, స్పార్కు ఇచ్చే మాగ్నెటోనూ దీపాలకు కరెంటు ఇచ్చే డైనమోనూ ఒకే ముద్దగా చేసి పెట్టారు. అక్కడి నుంచి బ్రిటిష్ మోటారు సైకిలు అంటే 6 వోల్టులు అని స్థిరపడిపోయింది.

లూకాస్‌ను బ్రిటిష్ బళ్ళ అభిమానులు 'చీకటి యువరాజు' అని ఎగతాళి చేస్తారు. ఈ ఎగతాళి సగమే న్యాయం అని నా అభిప్రాయం. తప్పు బల్బు చేసినవాడిది కాదు, 6 వోల్టులది. అప్పటి హెడ్‌లైటు బల్బు 30 వాట్లు, డిప్ వేస్తే 24. 6 వోల్టుల మీద 30 వాట్లు కావాలంటే 5 ఆంపియర్ల కరెంటు పారాలి. స్విచ్చి దగ్గర కాస్త చిలుం, ఎర్తు తీగ దగ్గర కాస్త తుప్పు పట్టి దారిలో అర వోల్టు పోయిందనుకోండి. అర వోల్టే కదా అనిపిస్తుంది. కాని ఫిలమెంటు బల్బులో వోల్టేజీ పన్నెండో వంతు తగ్గితే వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. తెల్లగా వెలగాల్సిన దీపం ముదురు పసుపుకు దిగుతుంది. అదే 12 వోల్టుల బండిలో కరెంటు సగమే, దారిలో పోయేదీ సగమే. కొన్ని బ్రిటిష్ కంపెనీలు 1960ల మధ్యలో 12 వోల్టులకు మారాయి. మిగులు కరెంటును వేడిగా మార్చి గాలికి వదిలేయడానికి జీనర్ డయోడును అల్యూమినియం రేకుకు బిగించారు. మోటారు సైకిలు దీపం వెనక సెమీకండక్టరు దూరింది ఆ రోజుల్లోనే.

మన బుల్లెట్టుకు వద్దాం. ఆ పేరుతో బండి రెడ్డిచ్‌లో 1932లోనే వచ్చినా, మనకు తెలిసిన బుల్లెట్టు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. 1949లో మద్రాసులో అమ్మకానికి వచ్చింది. సైన్యం సరిహద్దు గస్తీకి దాన్నే ఎంచుకోవడంతో గిరాకీ పెరిగి, 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. ఇక్కడొక తమాషా ఉంది. సరిగ్గా ఆ 1955 నుంచే అమెరికాలో రెడ్డిచ్ బళ్ళకు ఎర్రరంగు వేసి 'ఇండియన్' అనే పేరు తగిలించి కొన్నేళ్ళపాటు అమ్మారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కంపెనీ మూతపడి, పేరు మాత్రం మిగిలింది మరి. ఒకే బండి ఒకే సంవత్సరంలో ఇక్కడ పేరుకూ అక్కడ నిజానికీ 'ఇండియన్' అయింది.

దీపం విషయంలో బుల్లెట్టు చరిత్రలో గుర్తుంచుకోవలసిన సంవత్సరం 1954. అంతవరకు హెడ్‌లైటు విడి గిన్నెలా ఫోర్కు ముందు వేలాడేది. ఆ ఏడు దాన్ని, స్పీడోమీటరును, ఆమ్మీటరును కలిపి ఒకే లోహపు పోతలో బిగించారు. ఆ పోతకు క్యాస్కెట్ అని పేరు. దానికి అటూ ఇటూ రెండు బుల్లి దీపాలు. వాటిని పులికళ్ళు అంటారు. బుల్లెట్టుకు ఒక ముఖం వచ్చింది అప్పుడే. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970కల్లా ఇంగ్లండులో ఆ కంపెనీయే లేకుండా పోయింది. మద్రాసులో మాత్రం ఆ ముఖం అలాగే పోతపోస్తూ వచ్చారు. బయటి ప్రపంచంలో 1962లో హాలోజెన్ బల్బు కార్లకెక్కింది. 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్-4 వచ్చింది. మన బుల్లెట్టు 1980లలో కూడా 6 వోల్టుల పసుపు దీపంతోనే రోడ్ల మీద తిరుగుతూ ఉంది.

మా నాన్నగారు 1984లో కొన్న బుల్లెట్టు అలాంటిదే. ఆయన బాపట్ల ప్రాంతంలో పశువైద్యులు. గేదె ఈనలేక అవస్థ పడుతోందనే కబురు పగలు రాదు, అర్ధరాత్రే వస్తుంది. మందుల సంచీ ట్యాంకు మీద పెట్టుకుని బయల్దేరేవారు. ఆ బండికి ఇంజను వేగం తగ్గితే దీపం మందగిస్తుంది, ఎక్సిలరేటరు తిప్పితే పుంజుకుంటుంది. కాబట్టి గుంతల రోడ్డు మీద మెల్లగా పోవలసిన చోటే చీకటి. క్లచ్చి పట్టి ఇంజను ఉత్తినే రెయ్యిమనిపిస్తూ దారి చూసుకోవడం ఆ తరం వాళ్ళందరికీ వచ్చిన విద్య. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, దీపం లేని ఎడ్లబండి, నల్లగా చీకట్లో కలిసిపోయిన గేదెల మంద. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కంటికి కనబడి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే పాతిక మీటర్లు దాటిపోతాం.

చీకటి ఒక ఎత్తు, ఎదుటివాడి వెలుగు ఇంకో ఎత్తు. మన దేశంలో దీనికి ఒక విరుగుడు ఉండేది. హెడ్‌లైటు అద్దం పైసగానికి నల్లరంగు పూసేవారు, లేదా నడిమధ్యన నల్లటి చుక్క పెట్టేవారు. చంటిపిల్లకు పెట్టిన దిష్టి చుక్కలా ఉండేది. పైకి పోయే వెలుగును ఆపడమే దాని ఉద్దేశం. లారీల వెనక 'రాత్రి డిప్పర్ వాడండి' అని ముచ్చటగా రాయించుకునేవారు కూడా. రాత ఉంది గాని వాడకం తక్కువ. మా నాన్నగారు ఒకసారి ఎదురొచ్చిన లారీ వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మి, రోడ్డు దిగి తుమ్మచెట్లలోకి పోయారు. కాలు విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నారు. దీపం గురించి ఎవరు మాట్లాడినా "ఎంత వెలుగు ఇస్తుంది" అనే ప్రశ్నతో పాటు "ఎవరి కంట్లో పడుతుంది" అనే ప్రశ్న నాకు తోచడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఎల్.ఇ.డి. కథ. ఇది కూడా కార్బైడుతోనే మొదలైందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కాల్షియం కార్బైడు కాదు, దాని దాయాది సిలికాన్ కార్బైడు, అంటే సానరాళ్ళకు వాడే కార్బొరండం. దాన్ని 1891లో ఎడ్వర్డ్ ఎచిసన్ కూడా విద్యుత్ కొలిమిలోనే, వేరే దేనికోసమో వెతుకుతూ తయారుచేశాడు. 1907లో హెచ్.జె. రౌండ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు ఆ స్ఫటికానికి కరెంటు ఇచ్చి చూస్తే పసుపు వెలుగు మినుకుమంది. ఒక పత్రికకు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాడు. ఎర్రని ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో చూపించాడు. హాలోజెన్ బల్బు కార్లకెక్కిన ఏడే అది. నీలం రంగుకు మరో ముప్పై ఏళ్ళు పట్టింది. జపానులో షూజి నాకమూర 1993లో బాగా వెలిగే నీలం ఎల్.ఇ.డి. తెచ్చాడు. దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫరు పూసి 1996లో తెల్లని వెలుగు అమ్మకానికి పెట్టారు. నాకమూర, అకసాకి, అమానో ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. 2007లో లెక్సస్ కారు హెడ్‌లైటులో ఎల్.ఇ.డి. వెలిగింది.

పాత బండికి ఇది వరంలాగా కనిపిస్తుంది. హెచ్-4 హాలోజెన్ బల్బు డిప్‌లో 55 వాట్లు తిని వెయ్యి ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. ఎల్.ఇ.డి. అంత వెలుగును ఇరవై వాట్లలోపే ఇవ్వగలదు. మా బండి ఆల్టర్నేటరు మొత్తం శక్తి వంద వాట్లలోపే. పైగా ఈ దేశంలో చాలా రాష్ట్రాల్లో మోటారు సైకిలుకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి (మన దేశంలో కూడా 2017 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అదే నియమం). పాత ఆల్టర్నేటరు ఇటు దీపానికి, ఇటు స్పార్కుకు, ఇటు బ్యాటరీకి పంచలేక సతమతమవుతుంది. కనుక బల్బు పీకి ఎల్.ఇ.డి. బల్బు దూర్చెయ్యమని ఎవరైనా చెబుతారు. 6 వోల్టులకు పనిచేసేవి కూడా దొరుకుతున్నాయి.

అక్కడే ఆగాలి. హెడ్‌లైటు అంటే బల్బు ఒక్కటే కాదు. బల్బు, దాని వెనక గిన్నె, దాని ముందు అద్దం మీది గీతలు మూడూ ఒకదానికొకటి కొలత చూసి చేసినవి. ఫిలమెంటు అంటే సన్నని తీగచుట్ట. నాలుగు వైపులకూ వెలుగు చిమ్ముతుంది. గిన్నెలో ఏ బిందువు దగ్గర ఆ చుట్ట ఉండాలో మిల్లీమీటరు భిన్నాలతో సహా లెక్క. హెచ్-4లో డిప్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. గిన్నె కింది సగానికి వెలుగు పోకుండా ఆపేది అదే. ఎదుటివాడి కంట్లో పడకుండా గీత గీసినట్టు వెలుగు తెగేది దానివల్లే. ఎల్.ఇ.డి. బల్బులో చుట్ట ఉండదు, ఒక పలక రెండు ముఖాల మీద చిప్పులు ఉంటాయి. పలక మందంగా ఉన్నా, చిప్పులు కాస్త ముందుకో వెనక్కో జరిగినా, కుడి ఎడమలకు చూడవలసినవి పైకీ కిందకీ చూస్తున్నా ఆ గీత చెదిరిపోతుంది. నడిపేవాడికి "అబ్బ, ఎంత వెలుగో!" అనిపిస్తుంది. ఎదురొచ్చేవాడికి తుమ్మచెట్లే దిక్కు.

ఇంకొన్ని చిక్కులు కూడా చెబుతాను. ఫిలమెంటుకు ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు, ఎల్.ఇ.డి. డయోడు కనుక దానికి ఉంటుంది. పాత బ్రిటిష్ బళ్ళలో చాలావాటికి ప్లస్సే ఎర్తు. మీటరు పెట్టి చూడకుండా తగిలించకూడదు. జీనర్ డయోడు ఉన్న బండిలో బల్బు తక్కువ తింటే ఆ మిగులంతా జీనర్ నెత్తిన పడి అది ఇంకా వేడెక్కుతుంది. ఫిలమెంటు వేడి ముందుకు పోతుంది, ఎల్.ఇ.డి. వేడి వెనక్కి పోతుంది. దాని వెనక ఫ్యానో రేకులో ఉండాలి. బుల్లెట్టు క్యాస్కెట్‌లోనేమో తీగల పిచ్చుకగూడు తప్ప ఖాళీ లేదు.

మా బండికి ఇంకో లోపం కూడా ఉంది. అది ఎడమపక్క నడిచే దేశం నుంచి వచ్చింది. పాతికేళ్ళు దాటిన బండి కనుక దిగుమతికి ఇబ్బంది లేదు. నాన్నగారు నడపడం మానేశాక ఓడలో తెప్పించుకున్నాను. కాని డిప్ వేస్తే వెలుగు రోడ్డు ఎడమ అంచుకు ఒరుగుతుంది. అక్కడ అది చెట్ల వైపు, ఇక్కడ సరిగ్గా ఎదురొచ్చేవాడి ముఖం వైపు. ఏ బల్బు పెట్టినా ఈ అద్దంతో ఈ దేశపు రోడ్డెక్కడం తగదు. పైగా ఇక్కడి ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం ఫిలమెంటు బల్బు కోసం చేసిన హెడ్‌లైటులో ఎల్.ఇ.డి. బల్బు పెట్టడానికి ఒప్పుకోరు. ఎల్.ఇ.డి.తోనే తయారై ఆ ప్రమాణానికి సరిపోయిన పూర్తి హెడ్‌లైటు అయితే పెట్టుకోవచ్చు.

అలాంటివి దొరుకుతాయా అంటే ధారాళంగా దొరుకుతాయి. 1940 నుంచి 1980ల దాకా ఈ దేశపు కార్ల గుండ్రని సీల్డ్ బీమ్ దీపాలకు ఏడంగుళాల కొలత ఉండేది. ఆ కొలతే జీపులకూ హార్లీలకూ నిలిచిపోయి ఇప్పటికీ మార్కెట్టు నిండా ఉంది. బుల్లెట్టు దీపం కూడా ఏడంగుళాలే! అయితే ఆ యూనిట్లు 12 వోల్టులవి. ఆల్టర్నేటరు అదే ఉంచి 12 వోల్టుల రెగ్యులేటరు-రెక్టిఫయరు, బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిలు, హారను, తతిమ్మా బల్బులు మార్చాను. రెండు వారాంతాల పని. క్యాస్కెట్ లోపలి తీగలన్నీ విప్పి మళ్ళీ కట్టాను, ఎర్తుకు విడిగా తీగ లాగాను.

ముఖం మారింది, కాదనను. గీతల అద్దం ఉండాల్సిన చోట ఈగకళ్ళలాంటి కటకాలు కనిపిస్తాయి. పాత బళ్ళ పోటీల్లో పెడితే మార్కులు పోతాయి. చరిత్రను ఉన్నదున్నట్టు ఉంచాలనే మిత్రులతో నాకు పేచీ లేదు, వాళ్ళ బళ్ళు పగలే తిరుగుతాయి. నా దృష్టిలో ఈ బండి రాత్రి నడవడానికి కొన్నది. పాత అద్దం, గిన్నె, బల్బు పాతబట్టలో చుట్టి పెట్టెలో దాచాను. నాలుగు స్క్రూలు తిప్పితే మళ్ళీ పెట్టుకోవచ్చు. పులికళ్ళలో మాత్రం ఎల్.ఇ.డి. పెట్టలేదు. అవి ఫిలమెంటుతో పసుపుగానే వెలుగుతున్నాయి.

ఆమ్మీటరు ముల్లు ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు ఇదివరకు మైనస్సు వైపు వాలిపోయేది. ఇప్పుడు దీపం వేసినా నడిమధ్యన నిలబడుతోంది. నాన్నగారికి ఫోనులో ఈ సంగతి చెబితే సంతోషించారు గాని, ఆయన అడిగింది వేరు: "ఎదుటివాడి కంట్లో కొట్టట్లేదు కదా?"

అది చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టి, మనిషి కూర్చున్నాక, హెడ్‌లైటు నడిబొడ్డు నేలకు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంత ఎత్తున గుర్తు పెట్టాలి. డిప్ వేస్తే వెలుగు పై అంచు ఆ గుర్తు దాటి పైకి పోకూడదు. మన సభ్యుల్లో ఎవరి దగ్గరైనా పాత బుల్లెట్టో, జావానో, ట్రయంఫో ఉంటే చీకటి పడ్డాక మా ఇంటికి తీసుకురండి. గ్యారేజి తలుపు మీద నేను అంటించిన టేపు ఇంకా అలాగే ఉంది.